అడిగేవారు ఒకరుండాలి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన విషయం 'నిజమైన స్నేహం, జీవిత లక్ష్యాలు'. ఈ రెంటినీ ఒకే ప్రసంగంలో ఎందుకు పెట్టారని కార్యదర్శిగారిని అడిగాను. "విడివిడిగా పెడితే ఇద్దరు వక్తలు కావాలి, భోజనాలు చల్లారిపోతాయి" అన్నారు. ఆయన నవ్వులాటకే అన్నారు గాని, ఆలోచించిన కొద్దీ ఇవి కలిసి ఉండవలసిన విషయాలేనని నాకు తోచింది. ఎందుకో మనవి చేస్తాను.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మనకు లక్ష్యాలు ఎవరో ఒకరు ఇచ్చారు. మార్చి నెలాఖరుకు లెక్కలు ముగించాలి, ఆడిట్ అభ్యంతరాలకు జవాబులివ్వాలి, పెండింగు ఫైళ్ళు తేల్చాలి. స్నేహితులను కూడా ఆఫీసే ఇచ్చింది. పక్క సీటువారు, క్యాంటీన్లో టీ తాగేవారు, ఒకే బస్సులో వచ్చేవారు. పదవీ విరమణ రోజున దండ, శాలువా, గ్రూపు ఫోటో అయ్యాక ఈ రెండూ ఒకేసారి మన చేతిలోంచి జారిపోతాయి. మర్నాటి నుంచి ఏం చేయాలో చెప్పేవారూ ఉండరు, చేశావా అని అడిగేవారూ ఉండరు. మనలో చాలామందికి మొదటి ఆరు నెలలు విశ్రాంతిగానే గడుస్తాయి. ఆ తరువాతే రోజు బరువెక్కుతుంది.

స్నేహాలను ఒకసారి జల్లెడ పట్టి చూసుకోవలసింది అప్పుడే. నేను చూసినంతలో అవి మూడు రకాలు. మొదటిది సీటు స్నేహం. మన సంతకంతో పని ఉన్నన్నాళ్ళు ఉంటుంది. దాన్ని తప్పు పట్టనక్కరలేదు, పని మీద వచ్చింది పనితో పోతుంది. రెండవది కాలక్షేప స్నేహం. పార్కు బెంచీ మీద రాజకీయాలు, క్రికెట్టు, కరువు భత్యం కబుర్లు. ఇదీ అవసరమే. మూడవది మన మంచిచెడ్డలు తనవిగా భావించే స్నేహం. ఇది ఒకటి రెండుకు మించి దొరకదు. దొరికినవారు అదృష్టవంతులు.

మూడవ రకాన్ని గుర్తుపట్టడం ఎలా? కష్టంలో ఆదుకోవడమే గుర్తు అంటారు. అది నిజమే గాని, కష్టం రాకముందే తెలిసే గుర్తు మరొకటి ఉంది. మనకు నచ్చని మాట మన ముఖం మీద చెప్పగలగడం. కర్ణుడు దుర్యోధనుడి కోసం ప్రాణమిచ్చాడు. అంతకన్న విశ్వాసం ఏముంటుంది? కాని నిండు సభలో ద్రౌపదికి అవమానం జరుగుతున్నప్పుడు ఆ మిత్రుణ్ణి ఆపలేదు సరికదా, తానూ గొంతు కలిపాడు. ప్రాణం ఇచ్చిన స్నేహమే అయినా, కాదు అనవలసిన చోట అనలేకపోయింది.

మన స్థాయిలో చూద్దాం. గ్రాట్యుయిటీ, కమ్యుటేషన్ డబ్బు చేతికి రాగానే సలహాలిచ్చేవారు చుట్టూ చేరతారు. ఎక్కువ వడ్డీ అని ఒకరు, ప్లాటు అని ఒకరు. ఇల్లు ఇప్పుడే పిల్లల పేర రాసెయ్యమని మరొకరు. "తొందరపడకండి, మీరిద్దరూ ఉన్నన్నాళ్ళు ఇల్లు మీ పేరే ఉండనివ్వండి" అని చెప్పే మిత్రుడు ఆ పూటకు చేదుగానే ఉంటాడు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో 23వ సెక్షను ఉంది. పోషిస్తారన్న షరతు మీద ఆస్తి ఇచ్చి, ఆ తరువాత వారు పోషించకపోతే ఆ బదిలీని రద్దు చేసే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. కాని ఆ షరతు దస్తావేజులో స్పష్టంగా రాసి ఉండటం ముఖ్యం. ఇలాంటి సంగతి సంతకానికి ముందు చెప్పేవాడు మిత్రుడు. సంతకం అయ్యాక "నేను అప్పుడే అనుకున్నాను" అనేవారు ఊరినిండా ఉంటారు.

ఇక లక్ష్యాల మాట. ఈ వయసులో లక్ష్యాలేమిటండీ అని కొందరంటారు. తెలుగువాళ్ళం మనం ఆ మాట అనకూడదు. ఎందుకనకూడదో చెప్పడానికి ఒక స్నేహం కథ చెబుతాను.

గురజాడ అప్పారావుగారు 1862లో, గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు 1863లో పుట్టారు. విజయనగరంలో ఇద్దరూ కలిసి చదువుకున్నారు. గిడుగువారు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరి, 30 ఏళ్ళు పైగా పాఠాలు చెప్పి 1911లో పదవీ విరమణ చేశారు. అంటే ఆయనా మన సంఘం మనిషే. బళ్ళో పిల్లలకు చెప్పే తెలుగు, పుస్తకాల్లో రాసే తెలుగు జనం మాట్లాడే తెలుగు కావాలన్నది ఈ మిత్రులిద్దరి పట్టుదల. పండితులు గట్టిగా ఎదిరించారు. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయం ముందు తన అసమ్మతిని పెద్ద పత్రంగా రాసి పెట్టారు. మరుసటి ఏడు, 1915 నవంబరు 30న ఆయన కన్నుమూశారు.

చిన్ననాటి స్నేహితుడు పోయాడు. ఉద్యోగం నాలుగేళ్ళ క్రితమే అయిపోయింది. గిడుగువారు ఇక చాలనుకుని ఇంట్లో కూర్చుంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన కూర్చోలేదు. 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టారు. ఊరూరా సభల్లో వాదించారు. మరోవంక, అంతవరకు లిఖిత వ్యాకరణం లేని సవరల భాష మీద ఏళ్ళ తరబడి పని చేశారు. మన్యంలో జ్వరాలకు వాడిన క్వినైన్ వల్ల ఆయనకు వినికిడి దెబ్బతిన్నదంటారు. అయినా సవర వ్యాకరణం 1931లో వెలువడింది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, 70 దాటిన వయసులో ఇల్లు వదిలి రాజమండ్రి వచ్చేశారు. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. అప్పటికి ఆయనకు 75 ఏళ్ళు. 1940 జనవరి 22న కన్నుమూసే దాకా, మిత్రుడితో కలిసి మొదలుపెట్టిన పని మానలేదు. ఇవాళ నేను వాడుక తెలుగులో ప్రసంగిస్తున్నాను, రేపు సంచికలో మీరు ఇదే తెలుగులో చదువుకుంటారు. దాని వెనుక ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి 29 ఏళ్ళ పని ఉంది, ఒక స్నేహం ఉంది. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం.

ఇవాళ ఈ సభ జరగడానికి కారణం కూడా ఇలాంటిదే. డి.ఎస్. నకారాగారు రక్షణ శాఖలో ఆర్థిక సలహాదారుగా చేసి 1972లో రిటైరయ్యారు. 1979లో పెన్షన్ లెక్కించే పద్ధతిని ప్రభుత్వం మెరుగుపరిచింది గాని, ఆ ఏడు మార్చి 31వ తేదీని గీతగా పెట్టి అంతకుముందు రిటైరైనవారిని వదిలేసింది. నకారాగారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఒంటరిగా వెళ్ళలేదు. సైన్యం నుంచి రిటైరైన మరొకరు, హెచ్.డి. శౌరీగారి 'కామన్ కాజ్' సంస్థ ఆయనతోపాటు అర్జీదారులు. 1982 డిసెంబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. పెన్షన్ ప్రభువుల దయాదాక్షిణ్యం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. రిటైరైన పదేళ్ళకు సాధించిన విజయం అది.

మనందరం గిడుగులమూ నకారాలమూ కాలేము. కానవసరమూ లేదు. చిన్న లక్ష్యం ఎంత పని చేస్తుందో నాకు తెలిసిన ఒక ఉదంతం చెబుతాను. పేర్లు చెప్పను, కుటుంబంవారికి ఇష్టం ఉండకపోవచ్చు.

మా ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన ఒకాయన ఉండేవారు. అదే ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరైన ఒకతను వాళ్ళ వీధి చివరే ఉండేవాడు. ఇద్దరూ పొద్దున్నే కలిసి నడిచేవారు. హోదాలో అంత తేడా ఉన్నా నడకలో తేడా ఏమీ ఉండేది కాదు. ఒకరోజు ఆయన మాటల్లో, "డెబ్భై నిండేలోపు ఇంటి కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టాలయ్యా" అన్నారట. అంతే, ఆ అటెండరు ప్రతి ఆదివారం "ఫైలు ఎంతవరకు వచ్చింది సార్?" అని అడగడం మొదలుపెట్టాడు. ఆయన ఒకటి రెండుసార్లు విసుక్కున్నారట కూడా. ఇతను మానలేదు. చివరకు ఫైలు తయారైంది. పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు నకలు, భార్యతో కలిపి ఉన్న జాయింటు ఖాతా పుస్తకం, నామినేషన్లు, ఇంటి దస్తావేజు, బీమా పాలసీ అన్నీ అందులో చేరాయి. ఉత్తర్వులో భార్య పుట్టిన తేదీ తప్పు పడిందని అప్పుడే బయటపడింది. దాన్ని దిద్దించుకున్నారు.

ఆయన పోయిన రోజున ఇంటి ముందు రెండు వందల మంది ఉన్నారు. పెద్దకర్మ నాటికి ఇరవై మంది. ఆ తరువాత మరణ ధ్రువీకరణ పత్రం, ఆ ఫైలు పట్టుకుని ఆవిడ వెంట బ్యాంకుకు వెళ్ళింది ఒక్కడు, ఆ అటెండరు. ఆవిడకు కుటుంబ పెన్షన్ ఇబ్బంది లేకుండా మొదలైంది. నేను పలకరించడానికి వెళితే వదినగారు ఆ ఫైలు చూపించి, "మీ అన్నయ్యగారు రాసి పెట్టారు, అతను అడిగి రాయించాడు" అన్నారు. నా ప్రసంగం సారాంశం ఆ ఒక్క మాటలో ఉంది. రాసిన చెయ్యి ఒకటి, అడిగిన నోరు ఒకటి. ఈ రెంటిలో ఏది లేకపోయినా ఆవిడ ఆఫీసుల చుట్టూ తిరుగుతూ ఉండేవారు.

అందుకని నా మనవి. లక్ష్యం చిన్నదిగా పెట్టుకోండి. దానికి ఒక తేదీ పెట్టండి. దాన్ని ఒక్క మిత్రుడికి చెప్పండి. 'ఆరోగ్యం చూసుకోవాలి' అనుకుంటే పని జరగదు. 'ఫలానా నెలలోపు కంటి శుక్లం ఆపరేషను చేయించుకుంటాను' అంటే జరుగుతుంది. 'ఫోను నేర్చుకోవాలి' అనడం కన్న 'ఈసారి లైఫ్ సర్టిఫికెట్ నేనే పంపుతాను' అనుకోండి. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది. 2021 నుంచి ముఖం చూపించి ఫోన్లోనే పంపే సదుపాయం కూడా వచ్చింది. వేలిముద్రలు అరిగిపోయినవారికి అది ఎంత మేలో మీకు తెలుసు. ఒకరికి వచ్చినది నలుగురికి నేర్పితే అదీ లక్ష్యమే. వీధిలో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పడమూ లక్ష్యమే. ముప్పై ఏళ్ళుగా చూడని స్నేహితుడి ఊరు వెళ్ళి ఒకపూట ఉండి రావడమూ లక్ష్యమే.

స్నేహితుడి వంతు కూడా ఒకటి ఉంది. అడగాలి. ఎత్తిపొడవకుండా, పదిమందిలో పెట్టకుండా అడగాలి. చేయలేకపోతే ఎందుకు కుదరలేదో కనుక్కుని చెయ్యి వెయ్యాలి. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంవారు 1938లో మొదలుపెట్టి, కొన్ని వందల మంది జీవితాలను దశాబ్దాల తరబడి గమనిస్తూ వచ్చారు. ముసలితనంలో ఆరోగ్యానికి, సంతోషానికి మంచి సంబంధాలు బలమైన ఆధారమని వారు తేల్చారు. మన పెద్దలు ఏ పరిశోధనా లేకుండానే అరుగులు కట్టించింది అందుకేనేమో.

కుటుంబ సభ్యులకు ఒక్క మాట. అమ్మనూ నాన్ననూ మీ దగ్గరకు తీసుకువెళ్ళడం మంచిదే. హైదరాబాదు అపార్టుమెంటయినా, డల్లాసులో ఇల్లయినా వారికి గది, మంచం, మందులు మీరు అమర్చగలరు. నలభై ఏళ్ళ స్నేహితుణ్ణి మాత్రం అక్కడ అమర్చలేరు. అందుకని ఏడాదికి ఒకసారైనా వారిని సొంత ఊరు పంపండి. ఆ స్నేహితుడి నంబరు మీ ఫోన్లో కూడా రాసుకోండి. నాన్నగారి మిత్రుడు వచ్చినప్పుడు టీవీ కట్టేసి ఒక కప్పు కాఫీ ఇవ్వండి. వారిద్దరూ ఊరికే కబుర్లు చెప్పుకుంటున్నట్టు మీకు కనిపిస్తుంది. మీ నాన్నగారు రేపటికి ఒక పని పెట్టుకుంటున్నది ఆ కబుర్లలోనే కావచ్చు.

మిత్రులారా, ఇళ్ళకు వెళ్ళేలోగా మీలో ప్రతి ఒక్కరూ ఒక మిత్రుణ్ణి చూసుకోండి. ఒక పని, ఒక తేదీ అతనికి చెప్పండి. అతని పని, తేదీ మీరు రాసుకోండి. సంక్రాంతికి పలకరించుకున్నప్పుడు, పండగ బాగా జరిగిందా అన్న మాట తరువాత, "ఎంతవరకు వచ్చింది?" అని కూడా అడగండి.