ప్రమాదమా? కుట్రయా?
(పఠనమందిర సభయందు చేసిన ఉపన్యాసము)

సముద్రముపై రెండోడలు ఢీకొన్నవన్న వార్త వచ్చినంతనే జనులడుగు ప్రశ్న యొక్కటే: ఇది ప్రమాదమా, శత్రువు పన్నిన కుట్రయా? యుద్ధకాలమున నైతే ప్రశ్నకు ముందే సమాధానము సిద్ధముగా నుండును. అట్టి సమాధానమున కెంత విలువ గలదో కెనడా దేశమందలి హాలిఫాక్సు రేవు చక్కగా బోధించుచున్నది.

1917 డిసెంబరు 6వ తేది ఉదయమున ఫ్రెంచివారి మోంబ్లాన్ అను ఓడ దాదాపు 2,900 టన్నుల ప్రేలుడు సామగ్రితో ఆ రేవున ప్రవేశించుచుండెను. నార్వే దేశపు ఇమో అను ఓడ బెల్జియం ప్రజలకు సహాయసామగ్రి తెచ్చుటకై వట్టి ఓడగా న్యూయార్కునకు బయలుదేరెను. రేవులోని ఇరుకుదారిలో రెండును ఎదురుపడెను. ఇమో తన ప్రక్కను విడిచి ఎదుటి ఓడ ప్రక్కకు వచ్చియుండెను. ఒక ఓడ కూతకు రెండవది విరుద్ధముగా బదులు కూసెను. కడపటి క్షణమున మోంబ్లాన్ ఎడమకు మరలెను. ఇమో యంత్రములను వెనుకకు త్రిప్పగా దాని ముక్కు ప్రక్కకు జరిగి మోంబ్లానును చీల్చెను. పైతట్టుననున్న బెంజాలు పీపాలు పగిలి నిప్పంటుకొనెను. ఇరువది నిమిషములు గడవకముందే ఓడ ప్రేలెను. దాదాపు 2,000 మంది మరణించిరి. 9,000 మంది గాయపడిరి. మంటలను చూచుటకు కిటికీలకడ నిలిచినవారిలో ననేకులు గాజుపెంకులు తగిలి కన్నులు గోల్పోయిరి.

అంతట జర్మనులే చేసిరన్న మాట పట్టణమెల్ల ప్రాకెను. అచ్చటి జర్మనులను నిర్బంధించిరి. ఇమో చుక్కాని పట్టిన నావికుని గూఢచారి యని పట్టుకొనిరి. అతనికడ దొరకిన జర్మను లేఖ తీరా చూడగా నార్వే భాషలో నుండెను!

మేము న్యాయవాదులము. కుట్ర యనగానే ఉద్దేశ మెవరిది, అవకాశ మెట్లు కలిగెను, సాక్ష్యమేది యని యడుగుట మా ధర్మము. ఇమో ముందునాడే వెడలవలసినది. బొగ్గు ఆలస్యముగా వచ్చుటచే నిలిచిపోయెను. మోంబ్లాన్ ముందునాటి సాయంకాలమే చేరెను గాని, జలాంతర్గాముల నాపు వలలు మూసియుండుటచే రాత్రి రేవు వెలుపలనే గడపెను. ఈ రెండాలస్యములను గూర్చి ముహూర్తము పెట్టగల కుట్రదారు డెవడు? ఇమో కప్తానును, దాని పైలటును ఆ ప్రేలుడులోనే మడిసిరి.

కుట్ర కాదన్నంతమాత్రమున ఎవరి తప్పును లేదనరాదు. 1918 ఫిబ్రవరిలో విచారణసభ తప్పంతయు మోంబ్లాన్ కప్తానుపైనను, పైలటుపైనను, రేవునందలి నౌకాధికారి యొకనిపైనను మోపెను. వారిపై తెచ్చిన నరహత్యాభియోగములు నిలువలేదు. నష్టపరిహారపు వ్యాజ్యమున 1919లో కెనడా సుప్రీంకోర్టు రెండోడలకును సమానముగా దోషము పంచెను. 1920లో ప్రీవీ కౌన్సిలు దానినే ఖాయపరచెను. ఇట్లు నిగ్గుదేలినది కుట్రయు కాదు, దైవికమును కాదు, అజాగ్రత్త.

అంతకంటె పెద్ద ప్రశ్న యొకటి గలదు. యుద్ధమునకు ముందు అట్టి సరుకుగల ఓడలను ఆ రేవులోనికి రానిచ్చెడివారు కారు. జలాంతర్గాముల భయముచే ఆ నియమమును సడలించిరి. శత్రువునకు గురి యగునను భయముచే ఓడపై ఎఱ్ఱజెండా నెత్తలేదు. ఇంటి ముంగిట మృత్యువు నిలిచియున్నదని పౌరులకు చెప్పినవారు లేరు. గూఢచారులను వెదకుచున్నంతకాలము ఈ ప్రశ్న నడుగువారు నుండరు. పాలకులకు ఇంతకంటె సుఖమేమి?

మన దేశమునను ఇట్టిది జరిగినది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవున ఫోర్టు స్టికీన్ అను ఓడ ప్రేలెను. అది ఢీకొనుట కాదు. ప్రత్తిబేళ్లును మందుగుండును ఒకే ఓడలో నింపగా ప్రత్తికి నిప్పంటెను. అప్పుడును జపానువారి కుట్ర యను వదంతి లేచెను. పరప్రభుత్వము వార్తను వారముల తరబడి తొక్కిపట్టెను. పత్రికల నోరు కట్టినచోట పుకారు నోరు తెఱచును.

సోదరులారా! ఓడలు ఢీకొన్న వార్త మరల వచ్చినపుడు, శత్రువు పేరు వినబడకముందే మూడు సంగతులు విచారింపుడు: సరుకేమి? దానిని అచ్చటికి రానిచ్చిన దెవరు? ప్రజలకు చెప్పిరా, లేదా? నిజముగా ద్రోహము జరిగియుండిన ఆ విచారణయే దానిని పట్టియిచ్చును. జరుగకుండిన నిరపరాధి చెఱసాల తప్పించుకొనును. సాక్ష్యము లేని అనుమానము దేశభక్తి కాదు. సాక్ష్యమును కోరు ధైర్యమే దేశభక్తి.