చిన్న యంత్రములకు కందెన

(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

 

గ్రంథాలయోత్సవమున కవిత్వమును గూర్చియో, వేదాంతమును గూర్చియో మాటలాడుట పరిపాటి. నేడు నేను నూనెచుక్కను గూర్చి మాటలాడదలచితిని. పత్తికొండ వంటి మెట్టప్రాంతమున బోరుపంపో, ట్రాక్టరో ఆగినచో సేద్యమే ఆగును. వానిని బాగుచేయువాడు లేతు మిషను, డ్రిల్లింగు మిషను పెట్టుకొన్న చిన్న పనివాడు. అప్పుచేసి కొన్న ఆ యంత్రము తరముపాటు అన్నము పెట్టుటయో, నాలుగేండ్లకే అరిగి అప్పును మాత్రము మిగుల్చుటయో చాలవరకు కందెనను బట్టియే యుండును.

కందెన మనకు క్రొత్త గాదు. ఆముదములో కాల్చిన గడ్డిమసి కలిపి బండి యిరుసునకు పూసిన పెద్దలు దాని గుణము నెరుగుదురు. "కందెన వేయని బండికి కావలసినంత సంగీతము" అని సామెత. 1883లో ఇంగ్లండున బీచం టవరను నాతడు రైలుబండి యిరుసు బేరింగును పరీక్షించుచు, దాని నెత్తిన రంధ్రము చేసెను. లోపలి నూనె ఉబికివచ్చి, బిగించిన చెక్క బిరడాను సైతము వెలికి నెట్టినది. తిరుగు ఇరుసు నూనెను తనతో లాగుకొని, బరువు మోయగల ఒత్తిడిని దానికి కల్పించునని 1886లో ఆస్బరన్ రేనాల్డ్సు గణితముతో నిరూపించెను. ఇనుము ఇనుముపై గాక నూనెపొరపై తేలవలెను. పొర తెగినచోట అరుగుదల మొదలగును.

నూనె మిక్కిలి పలుచనైనచో బరువునకు నిలువదు. మిక్కిలి చిక్కనైనచో వేగముగ తిరుగుచోట వేడి పుట్టించును. డబ్బామీది "వి.జి. 32", "వి.జి. 68" అను అంకెలు 40 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో నూనె చిక్కదనమును దెలుపును. మన వేసవిలో నీడపట్టుననే వేడి 40 డిగ్రీలు దాటుట కలదు. పనిచేయు యంత్రము ఇంకను వేడెక్కును, నూనె ఇంకను పలుచబడును. కావున అంకె చూడక కొనరాదు. యంత్రముతో వచ్చిన పుస్తకమే మొదటి ప్రమాణము. అది లేనిచో వేగముగ తిరుగు స్పిండిలునకు 32, జారుడు బెడ్డునకు 68 సాధారణముగ వాడుదురు.

వంటనూనె గాలి తగిలి జిగురగును. కుట్టుమిషను బిగిసిపోవుటలో దీనిని మీరు చూచియే యుందురు. ఇంజనునుండి తీసిన పాతనూనెలో మసియు, లోహపు పొడియు నుండును; అది యంత్రమునకే గాక చర్మమునకును చెరుపు. క్రొత్త ఇంజను నూనెయైనను మురికిని అడుగున చేరనీయక తనలో తేల్చియుంచును. వడపోత లేని లేతునకు అది తగదు. కొన్ని గేరునూనెలలోని గంధకము కంచు బుష్షులను తినివేయును.

ఇక వేయు విధము. మిషను నాపి, కరెంటు తీసి, ఇనుపరజను కుంచెతో ఊడ్చి, పాత నూనెను శుభ్రమైన గుడ్డతో తుడువవలెను. తుడువక వేసిన నూనె రజనుతో గలసి సానరాతివలె బెడ్డును కోయును. ప్రతిదినము పనికి ముందు ఒక్కొక్క రంధ్రమున రెండుమూడు చుక్కలు చాలును. బెల్టుమీద మాత్రము చుక్కయు పడరాదు. మన ఎఱ్ఱదుమ్ము గాలికి నూనెక్యానుకు మూతయు, రాత్రి యంత్రమునకు గుడ్డకప్పును తప్పనిసరి.

కడపట నొక మనవి. మీ యిండ్ల అటకలపై పంపులవో, మిషనులవో పుస్తకములు పడియున్నచో, వాని ప్రతులను ఈ గ్రంథాలయమున కొసగుడు. ఒక అర నిండినచో ఎందరో పనివారి యంత్రములు నిలుచును.