పదిమందిలో నమ్మకం, ఒంటరిగా వస్తే అనుమానం
(ఒంటరి స్త్రీల సమస్యలపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'ఆడవాళ్ళు అప్పు ఎగ్గొట్టరు.' పొదుపు సంఘాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా బ్యాంకు అధికారులు మెచ్చుకోలుగా అనే మాట ఇది. స్వచ్ఛంద సంస్థల నివేదికల్లోనూ గర్వంగా కనిపిస్తుంది. ఇది అబద్ధమని నేననను. కానీ ఈ మంచి పేరు ఎవరి సొత్తు? సంఘానిదా, సంఘంలో ఉన్న స్త్రీదా? ఈ ప్రశ్న ఎక్కడ పుట్టిందో ముందు చెప్తాను.

హైదరాబాదులో ఆస్పత్రుల్లో ఊడ్చి తుడిచే పనులు చేసే స్త్రీలతో మాట్లాడుతున్నప్పుడు ఒకామె పరిచయమైంది. పాలమూరు వైపు పల్లె. పదకొండేళ్ళు తన సంఘానికి రెండో లీడరు. నెలనెలా అందరి కిస్తీ డబ్బులు కొంగున ముడేసుకుని, ఆటో ఎక్కి, బ్యాంకులో కట్టి రసీదు తెచ్చింది ఆమే. ఒక్క కిస్తీ తప్పలేదు. భర్త కొట్టి వెళ్ళగొడితే కూతుర్ని తీసుకుని నగరానికొచ్చింది.

పనైతే దొరికింది. జీతం ఖాతాలోనే వేస్తాం, నంబరు తెమ్మన్నాడు కాంట్రాక్టరు. జనధన్ రోజుల్లో తీసిన ఖాతా ఒకటి ఆమెకి ఉంది. దాని పాస్‌బుక్కు అత్తగారింటి పెట్టెలో ఉంది, దానికి ఎక్కించిన సెల్ నంబరు భర్తది. అందులో జీతం పడితే ఆ కబురు ముందు ఎవరికి చేరుతుందో వేరే చెప్పాలా? అందుకే బస్తీకి దగ్గరున్న మరో బ్యాంకులో, కనీస నిల్వ కట్టి, మామూలు పొదుపు ఖాతా తెరుద్దామనుకుంది. మూడుసార్లు వెళ్ళింది. మొదటిసారి ఇంటి అద్దె అగ్రిమెంటు అడిగారు. ఒక్క గది అద్దెకిచ్చే యజమాని కాగితం రాసిస్తాడా? రెండోసారి 'మీ ఆయన్ని తీసుకురా' అన్నారు. మూడోసారి 'ఊళ్ళో ఖాతా ఉందంటున్నావుగా, మళ్ళీ ఇంకోటెందుకు' అని పంపించేశారు. ఈలోగా రెండు నెలల జీతం సూపర్‌వైజరు ఖాతాలో పడింది. ఆయన నెలకి అయిదు వందలు పట్టుకుని మిగతాది చేతికిచ్చాడు.

'పదకొండేండ్లు కిస్తీ తప్పలే సారూ, ఆ బ్యాంకోళ్ళనే అడుగుండ్రి' అందట ఆమె. 'అది సంఘం ఖాతామ్మా, నీది కాదు' అన్నాడట అధికారి.

మిగతా వాటి సంగతేమోగాని, ఈ ఒక్క మాట మాత్రం ఆయన ఉన్నదున్నట్టే చెప్పాడు. 1992లో నాబార్డు 500 సంఘాలతో ప్రయోగాత్మకంగా బ్యాంకు లింకేజీ మొదలుపెట్టింది. మన దగ్గర అదే దశాబ్దం మొదట్లో నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక పోరాటం వెనకే, రోజుకో రూపాయి దాచుకోమని 'పొదుపు లక్ష్మి' వచ్చింది. ఆస్తి హామీ లేని స్త్రీలకి బ్యాంకు తలుపు తెరుచుకోవడం చిన్న విషయం కాదు. అయితే ఆ తలుపు తెరుచుకున్నది సంఘానికి. ఖాతా సంఘం పేరు మీద, అప్పు సంఘం పేరు మీద. ఒకామె కట్టలేకపోతే మిగతా తొమ్మిదిమందీ ఆమె గుమ్మంలో కూర్చుంటారు. పూచీ మాత్రం ఒక్కొక్కరి మెడకీ చుట్టుకుంది. పరపతి మాత్రం పదిమందికీ కలిపి ఒక్కటే. సభ్యురాలి వారీగా వివరాలు పరపతి సమాచార సంస్థలకి ఇమ్మని రిజర్వు బ్యాంకు బ్యాంకులకి చెప్పింది 2016లో. అంటే లింకేజీ మొదలైన ఇరవై నాలుగేళ్ళకి.

దీనికన్నా మౌలికమైన మాట ఇంకొకటుంది. పొదుపు ఖాతా తెరవడమంటే బ్యాంకు మనకి అప్పివ్వడం కాదు. మన డబ్బు మనమే బ్యాంకుకి అప్పివ్వడం. చట్టం దృష్టిలో డిపాజిటుదారు ఋణదాత, బ్యాంకు ఋణగ్రస్తురాలు. నమ్మకంగా ఉంటావా అని అడగాల్సింది ఎవరు, అడుగుతున్నది ఎవరు? కౌంటరు దగ్గర నిలబడ్డ స్త్రీ చేతిలో డబ్బున్నా యాచకురాలిలా కనిపించడం పితృస్వామ్యం చేసే గారడీ. 'మీ ఆయన్ని తీసుకురా' అన్న మాట ఏ బ్యాంకు నిబంధనలోనూ లేదు. అది కౌంటరు అవతల కూర్చున్నవారు ఇంటి నుంచి తెచ్చుకున్న నిబంధన.

రాసి ఉన్న నిబంధనలు నిజానికి మనకి అనుకూలంగానే ఉన్నాయి. ఆధార్‌లో ఉన్న చిరునామా ఒకటి, ఇప్పుడుంటున్నది వేరొకటి అయితే, ఇప్పటి చిరునామాని స్వయంగా ధృవీకరించి ఇవ్వవచ్చని 2019 నవంబరులో మనీ లాండరింగ్ నిరోధక నిబంధనల్ని సవరించారు. అద్దె అగ్రిమెంటు కోసం యజమాని కాళ్ళు పట్టుకోనక్కర్లేదు. అసలే కాగితమూ లేని వాళ్ళ కోసం 2010లో 'చిన్న ఖాతా' అనేది వచ్చింది. ఫొటో ఇచ్చి, అధికారి ఎదుట సంతకమో వేలిముద్రో వేస్తే చాలన్నారు. దానికి పరిమితులున్నాయి, గడువూ ఉంది. కానీ వట్టి చేతులతో వచ్చినామెని కూడా తిప్పి పంపకూడదన్నది దాని ఉద్దేశం. ఒక బ్యాంకులో జనధన్ ఖాతా ఉన్నంత మాత్రాన మరో బ్యాంకులో మామూలు పొదుపు ఖాతా తీసుకోకూడదనీ ఎక్కడా లేదు.

బ్రాంచిలో పనిచేసేవాళ్ళని తిట్టుకుని ప్రయోజనం లేదు. ఖాతాదారుల గుర్తింపులో లోపం జరిగితే రిజర్వు బ్యాంకు జరిమానాలు వేస్తుంది. తిరస్కరిస్తే మాత్రం అడిగేవారుండరు. ఆ పరిస్థితిలో 'కాదు' అనడమే గుమాస్తాకి క్షేమం. అందుకే తిరస్కారానికీ ఒక కాగితం ఉండేలా చూడాలి. 2006 నాటి బ్యాంకింగ్ అంబుడ్స్‌మన్ పథకంలో, సరైన కారణం లేకుండా డిపాజిట్ ఖాతా తెరవడానికి నిరాకరించడం ఫిర్యాదు చేయదగ్గ విషయమని విడిగా రాసి ఉండేది. 2021 నవంబరులో అన్ని పథకాల్నీ కలిపినప్పుడు ఆ జాబితా పోయి 'సేవాలోపం' అనే పెద్ద మాట వచ్చింది. పరిధి పెరిగిందని న్యాయవాదులు సంతోషించవచ్చు. నాకైతే పాత జాబితానే ఇష్టం. అందులో వేలు పెట్టి చూపించడానికి ఒక వాక్యం ఉండేది.

నాలుగోసారి ఆమెతో పాటు మేమిద్దరం వెళ్ళాం. గొడవ పడలేదు. దరఖాస్తు ఇచ్చి, 'తీసుకున్నట్టు ముద్ర వేయండి, ఇవ్వకపోతే కారణం రాసివ్వండి, ముప్ఫై రోజులు చూసి అంబుడ్స్‌మన్‌కి పంపుకుంటాం' అన్నాం. అరగంట కూర్చోబెట్టారు. తర్వాత ఫారం లోపలికి వెళ్ళింది. వారానికి పాస్‌బుక్కు వచ్చింది, ఆమె సొంత సెల్ నంబరుతో. తోడు ఎవరూ లేకుండా వెళ్ళినా ఆ ఫారం అలాగే లోపలికి వెళ్ళేదా అంటే, వెళ్ళేదని నేను చెప్పలేను. ఇక్కడున్న కార్యకర్తలు తమ బస్తీల్లో దీన్ని పట్టించుకోవాలని నా కోరిక. సంఘాల శిక్షణలో తీర్మానాలు రాయడం నేర్పుతారు, పుస్తకాలు నేర్పుతారు. తన ఒక్కదాని పేరు మీద దరఖాస్తు రాసి రసీదు అడగడం కూడా నేర్పాలి.

ఆమె జీతం ఇప్పుడు ఆమె ఖాతాలోనే పడుతోంది. పదకొండేళ్ళ పొదుపు వాటా మాత్రం ఇంకా ఊళ్ళో సంఘం ఖాతాలోనే ఉంది. అది రావాలంటే సంఘం తీర్మానం చేసి లీడర్లు సంతకాలు పెట్టాలి. ఆమె స్థానంలో ఇప్పుడు రెండో లీడరుగా ఉన్నది ఆమె ఆడపడుచు.