నరకకుండా చెట్టును తూచటం

ఏనుగును తూచిన కథ మన పిల్లలకు తెలిసినదే. ఏనుగును పడవలోనికి ఎక్కించి, నీరు ఎంతవరకు వచ్చినదో గీత గీచి, దానిని దింపి, అదే గీత వరకు పడవ మునిగేటట్లు రాళ్ళు నింపి, ఆ రాళ్ళను తూచారట. ఏనుగుకు హాని కలుగలేదు, బరువూ తెలిసినది. మరి వేళ్ళూని నిలిచిన వేపచెట్టును తూచవలెనంటే ఏ పడవ కావలె? కొట్టి, ముక్కలు చేసి, కాటాలో వేస్తే బరువు తెలుస్తుంది గాని, అది తెలిసే వేళకు చెట్టు ఉండదు.

కాబట్టి అడవులను పరిశీలించేవారు చెట్టును తూచరు, కొలుస్తారు. కొలతల నుండి బరువును గణిస్తారు. ఇందుకు ఒక టేపు, ఒక కర్ర, హైస్కూలు విద్యార్థి చేయగల గుణకారం చాలును. వారు కోరే బరువు పచ్చికట్టె బరువు కాదు. పచ్చికట్టెలో ఇంచుమించు సగం నీరే ఉండవచ్చు. ఆ నీరంతా ఆరిపోగా మిగిలే కాండం, కొమ్మలు, ఆకుల బరువునే జీవద్రవ్యరాశి అంటారు.

మొదటి కొలత చుట్టుకొలత. మన దేశంలో దీనిని నేల నుండి నాలుగున్నర అడుగులు, అనగా 1.37 మీటర్ల ఎత్తున తీసుకొంటారు. రొమ్ము ఎత్తు అని దీనికి పేరు. మొదట్లో కాండం ఉబ్బి ఉంటుంది గనుక అక్కడ కొలవరాదు. టేపు బిగువుగా, అడ్డంగా, చుట్టూ ఒకే ఎత్తున ఉండవలె. ఏటవాలు నేల అయితే ఎగువ వైపు నుండి ఎత్తు లెక్కించవలె. సర్కారు తుమ్మ వలె మొదటిలోనే చీలిన చెట్టుకు ఒక్కొక్క కాండాన్ని వేరుగా కొలవవలె.

రెండవ కొలత ఎత్తు. ఇందుకు చెట్టెక్కవలసిన పని లేదు. చేయి చాచి ఒక కర్రను నిలువుగా పట్టుకోండి. పిడికిలికి పైన కర్ర ఎంత పొడవున్నదో, కంటి నుండి పిడికిలికి అంతే దూరం ఉండేటట్లు చూచుకోండి. ఇక మెల్లగా వెనుకకు నడవండి. పిడికిలి చెట్టు మొదటితోను, కర్ర కొస చెట్టు కొసతోను సరిపోయిన చోట ఆగండి. అక్కడ నుండి చెట్టుకు గల దూరమే చెట్టు ఎత్తు. నేల చదునుగా ఉంటే ఈ ఉపాయం చక్కగా పనిచేస్తుంది.

మూడవది కంటికి కనిపించనిది, కట్టె సాంద్రత. ఒక ఘనపు మీటరు నీరు 1000 కిలోలు తూగుతుంది. అంతే పరిమాణపు ఎండిన వేపకట్టె సుమారు 700 కిలోలు, బూరుగుకట్టె దానిలో సగం మాత్రమే తూగుతాయి. మన పాలకొండల్లోను, లంకమలలోను, శేషాచలంలోను పెరిగే ఎర్రచందనపు చేవ నీటికన్న బరువైనది. నీటిలో వేస్తే మునుగుతుంది.

ఇప్పుడు ఎర్రగుంట్లలో ఒక వాకిట వేపచెట్టు ఉన్నదనుకొందాం. చుట్టుకొలత 126 సెంటీమీటర్లు, ఎత్తు 10 మీటర్లు. చుట్టుకొలతను 22/7 చేత భాగిస్తే వ్యాసం 40 సెంటీమీటర్లు వస్తుంది. ఆ వృత్తవైశాల్యాన్ని ఎత్తుతో గుణిస్తే ఒకటింబావు ఘనపు మీటర్లు. ఇది మొదటి నుండి కొస వరకు ఒకే లావున్న స్తూపం లెక్క. వేప సాంద్రతతో గుణిస్తే 880 కిలోలు. కాని చెట్టు పైకి పోయినకొద్దీ సన్నబడుతుంది. మరొక ప్రక్క కొమ్మలు కలుస్తాయి. ఈ రెండింటినీ సరిచూస్తే ఈపాటి చెట్టుకు స్తూపంలో మూడింట రెండు పాళ్ళు మిగులుతాయి. కాబట్టి మన వేపచెట్టు, నేలపైనున్నంత వరకు, సుమారు 600 కిలోలు.

ఈ మూడింట రెండు పాళ్ళు ఊహించినది కాదు. ఎవరో ఎక్కడో చెట్లను కొట్టి, తూచి, ఆరబెట్టి తెలుసుకొన్నదే. జెరోమ్ షావ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 2014లో ప్రకటించిన సమీకరణానికి ఉష్ణమండల దేశాలలో 58 చోట్ల నరికి తూచిన 4004 చెట్లు ఆధారం. ఆ చెట్లు ఒకసారి తూగినందువల్ల తక్కినవాటిని నిలువుగానే తూచగలుగుతున్నాము. ఎర్రచందనం వంటి రక్షిత వృక్షానికి ఇంతకన్న మార్గం లేదు.

ఇదే కొలతలు గల మూడు చెట్లను ఒకచోట నిలిపి చూడండి. బూరుగు 300 కిలోలు, వేప 600. ఎర్రచందనం అంత లావు ఎదిగితే, చేవను తెల్లచెక్కను కలిపి నీటితో సమానమైన సాంద్రత వేసుకొన్నా 840. కంటికి మూడూ సమానమే. రాతినేలలో నిదానంగా పెరిగే మన మెట్ట అడవిని కోనసీమ పచ్చదనంతో పోల్చి చిన్నచూపు చూడటం మనకు అలవాటు. కొలిస్తే గాని దాని లోబరువు తెలియదు.

అడవిని లెక్కకట్టటం కొత్త సంగతి కాదు. 1856లో బర్మాలోని పెగూ టేకు అడవులకు అధికారిగా వచ్చిన డీట్రిచ్ బ్రాండిస్, టేకు చెట్లను లావును బట్టి తరగతులుగా విభజించి లెక్కించాడు. 1864లో ఆయన భారత అడవులకు మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయినాడు. ఆ కాలంలో మద్రాసు రైల్వే ఇంజన్లు కట్టెలు మండించి నడిచేవి. అప్పుడు అడవిని కొలిచినది, ఏటా ఎంత కొట్టవచ్చునో తెలుసుకొనటానికి. ఈనాడు అదే టేపుతో కొలిచేది, చెట్టు తనలో ఎంత కర్బనాన్ని పట్టి ఉంచినదో తెలుసుకొనటానికి.

ఎండిన చెట్టు బరువులో ఇంచుమించు సగం, సరిగా చెప్పవలెనంటే నూటికి 47 పాళ్ళు, కర్బనం. మన వేపలో అది 280 కిలోలు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు రూపంలో లెక్కిస్తే సుమారు ఒక టన్ను. ఇక మన ఊరి సున్నపురాయిని చూడండి. శుద్ధమైన రాయి ఒక టన్నును సిమెంటు బట్టీలో కాల్చితే, రాతి నుండి మాత్రమే 440 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. బొగ్గు పొగ వేరే. అనగా 10 టన్నుల రాయి మోసే లారీ ఒకటి బట్టీకి చేరితే, అటువంటి వేపచెట్లు నాలుగింటికి పైగా తమ జన్మమంతా కూడబెట్టినది ఒక్కసారి గాలిలో కలుస్తుంది. సిమెంటు మనకు అక్కరలేదని దీని అర్థం కాదు. నాలుగు మొక్కలు నాటి లెక్క సరిపోయినదనుకొనరాదని మాత్రమే అర్థం.

మొక్కల మాట వచ్చినది గనుక ఆ లెక్కా చేద్దాం. రోడ్డు వెడల్పు చేయటానికి పెద్దచెట్టును తీసివేసి, దానికి బదులు పది మొక్కలు నాటుతామని చెప్పటం వింటూ ఉంటాము. వేపమొక్క 5 సెంటీమీటర్ల వ్యాసం, 4 మీటర్ల ఎత్తు పెరిగినదనుకోండి. అది అప్పటికే మనిషిని మించిన చెట్టు. దాని బరువు నాలుగు కిలోలకు మించదు. పది కలిపి 40 కిలోలు. పోయిన 600 కిలోలకు సరితూగవలెనంటే 150 కావలె. అవన్నీ మన ఎండలకు, మేకలకు తట్టుకొని బ్రతికి ఉండవలె. వ్యాసం రెట్టింపయితే, ఎత్తు పెరగకపోయినా బరువు నాలుగింతలవుతుంది. అందుచేత ముదురుచెట్టు ఏటా ఒక వ్రేలెడు లావెక్కకపోయినా, దాని కూడబెట్టు మొక్కకు అందేది కాదు.

ఈ లెక్కకు హద్దులు ఉన్నవి. తొర్రపడిన చెట్టు, మేతకోసం ఏటేటా కొమ్మలు నరికిన చెట్టు లెక్కకన్న తేలికగా ఉంటాయి. అడవిలో ఎదిగిన చెట్టు రూపం వేరు, ఒంటరిగా గొడుగు పట్టిన వాకిటి చెట్టు రూపం వేరు. వేళ్ళ బరువు ఇందులో చేరలేదు. నేలపై బరువులో నాలుగవ వంతు సామాన్యంగా కలుపుతారు, మెట్ట చెట్లకు అంతకన్న ఎక్కువే ఉండవచ్చు. ఒక్క చెట్టు విషయంలో అంచనా బాగా తప్పవచ్చు. వందల చెట్లను కూడితే ఒకదాని ఎక్కువ మరొకదాని తక్కువతో సరిపోతుంది. కాని టేపు వదులుగా పట్టే అలవాటు మాత్రం ఎన్ని చెట్లు కొలిచినా సరిపోదు. చుట్టుకొలతలో నూటికి 5 పాళ్ళ తప్పు బరువులో 10 పాళ్ళవుతుంది.

అడవి మొత్తానికి కూడా పద్ధతి ఇదే. 32 మీటర్లకు కొంచెం తక్కువ భుజం గల చతురస్రం గీస్తే హెక్టారులో పదవ వంతు అవుతుంది. అందులోని చెట్లన్నిటినీ కొలిచి, పదింతలు చేస్తే హెక్టారు లెక్క. ఇటువంటి గళ్ళను అడవి అంతటా, మనకు ఇష్టమైన చోట్ల కాక, ముందుగా నిర్ణయించిన చోట్ల వేయవలె. 1981లో డెహ్రాడూన్‌లో ఏర్పడిన భారత అటవీ సర్వేక్షణ సంస్థ 1987 నుండి దేశపు అడవుల స్థితిపై నివేదికలు ప్రకటిస్తున్నది. ఉపగ్రహం పైనుండి చూచినా, దాని చూపును సరిచూచేది నేలమీద టేపు పట్టిన మనిషే.

మన ఊరి బడి ఆవరణలోను, గుడి ముందరా, చెరువు గట్టునా ఉన్న చెట్లకు ఒక పుస్తకం తెరవవచ్చు. పేరు, చుట్టుకొలత, ఎత్తు, కొలిచిన తేదీ వ్రాసి, టేపు పట్టిన చోట కాండంపై సన్నని రంగు గీత పెట్టవలె. రెండేళ్ళ తరువాత అదే గీత వద్ద మరల కొలవవలె. ఏ చెట్టును తీయవలెనన్న మాట పంచాయతీ ముందుకు వచ్చిననాడు, ఆ పుస్తకంలోని ఒక్క వరుస చదివి వినిపించవచ్చు.