ఎవరి విముక్తి కోసం? 1898 నుంచి మనం అడగవలసిన ప్రశ్న

(మహిళా కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా విదేశాంగ విధానం గురించి ఆడవాళ్ల సభలో ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. గృహహింస, ఆస్తిహక్కు, కూలిరేట్లు మన సమస్యలనీ, యుద్ధాలు, ఒప్పందాలు మగవాళ్ల వ్యవహారమనీ మనకు అలవాటు చేశారు. కానీ 2001లో అఫ్ఘనిస్తాన్ మీద దాడి మొదలైన కొద్ది వారాలకే లారా బుష్ రేడియోలో మాట్లాడుతూ, అది స్త్రీల హక్కుల కోసం కూడా జరుగుతున్న పోరాటమని చెప్పింది. 2021 ఆగస్టులో ఆ సైన్యం వెళ్లిపోయింది. తాలిబన్లు తిరిగి వచ్చి ఆడపిల్లల హైస్కూళ్లు మూసేశారు. మన హక్కుల పేరు చెప్పి యుద్ధాలు చేస్తున్నప్పుడు, ఆ యుద్ధాల చరిత్ర మనకు అక్కర్లేదని ఎలా అంటాం?

1898 దాకా అమెరికా తన మానాన తాను ఉందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. యూరప్ దేశాలతో శాశ్వతమైన పొత్తులు వద్దని 1796లో వాషింగ్టన్ హెచ్చరించిన మాట నిజమే. అయితే ఆ దూరం యూరప్ తగాదాలకే పరిమితం. ఆదివాసుల నేల ఆక్రమించడానికి గానీ, 1848లో మెక్సికో భూభాగాన్ని లాక్కోవడానికి గానీ అది అడ్డు రాలేదు. ఇక ఆక్రమించడానికి సరిహద్దు ప్రాంతమంటూ మిగల్లేదని 1890 జనాభా లెక్కలు తేల్చాయి. 1893లో తీవ్రమైన ఆర్థిక సంక్షోభం వచ్చింది. మిగిలిపోయిన సరుకుకు మార్కెట్లు కావాలి, ఓడలకు బొగ్గు నింపుకునే రేవులు కావాలి. అందుకే విస్తరణ నేల దాటి సముద్రం మీదికి వెళ్లింది.

దానికి ఒక స్త్రీ బొమ్మ కావలసి వచ్చింది. స్పెయిన్ వలస ప్రభుత్వం హవానా జైల్లో పెట్టిన ఎవాంజెలీనా సిస్నెరోస్ అనే క్యూబా యువతిని హర్స్ట్ పత్రిక 1897లో కథానాయికను చేసింది. ఆమె కోసం అమెరికన్ స్త్రీలతో స్పెయిన్ రాణికి విజ్ఞప్తులు పెట్టించింది. చెరబట్టిన ఆడపిల్ల, కాపాడే వీరుడు - ఈ పాత కథ యుద్ధానికి జనాన్ని సిద్ధం చేసిన వాటిలో ఒకటి. 1898 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైంది. డిసెంబర్‌లో ఒప్పందం కుదిరేసరికి ప్యూర్టోరికో, గ్వామ్, ఫిలిప్పీన్స్ అమెరికా చేతిలోకి వచ్చాయి. ఫిలిప్పీన్స్‌కు స్పెయిన్‌కిచ్చిన ధర 2 కోట్ల డాలర్లు. అక్కడి ప్రజలు జూన్‌లోనే ప్రకటించుకున్న స్వాతంత్ర్యాన్ని ఎవరూ లెక్కచేయలేదు.

ఇక హవాయి చూడండి. 1893లో రాణి లిలియువోకలానిని గద్దె దింపినవాళ్లలో ముఖ్యులు అమెరికన్ మూలాలున్న వ్యాపారులు, తోటల వర్గం. 1897లో అక్కడి స్త్రీలు తమ సొంత సంఘం ద్వారా, పురుషుల సంఘంతో కలిసి, దీవి దీవికీ తిరిగి విలీనానికి వ్యతిరేకంగా 21 వేలకు పైగా సంతకాలు సేకరించారు. సెనేట్‌లో విలీన ఒప్పందం నెగ్గలేదు. మరుసటి ఏడు యుద్ధం సందడిలో మామూలు మెజారిటీ చాలే తీర్మానంతో ఆ పని కానిచ్చేశారు.

అప్పుడు అమెరికాలో ఓటుహక్కు ఉద్యమం చేస్తున్న స్త్రీలు ఏమన్నారు? హవాయి చట్టంలో 'పురుషుడు' అనే మాట పెట్టి స్త్రీలను బయట ఉంచవద్దని 1899లో కాంగ్రెస్‌కు విజ్ఞప్తి చేశారు. అసలు ఆ దీవులను కలుపుకోవడం న్యాయమా అని మాత్రం అడగలేదు. 1900లో ఓటు మగవాళ్లకే దక్కింది. అందరూ అలా ఊరుకోలేదనీ చెప్పాలి. 1899లో షికాగోలో జేన్ ఆడమ్స్ యుద్ధాన్ని బహిరంగంగా వ్యతిరేకించింది. వీధిలో పిల్లలు క్యూబాను విడిపించే ఆట ఆడటం లేదు, స్పెయిన్ వాళ్లను చంపే ఆట ఆడుతున్నారని చూపించింది. అదే నెలలో అదే నగరంలో రూజ్‌వెల్ట్ యుద్ధానికి జంకే మగవాళ్లనూ, తల్లి కావడానికి జంకే ఆడవాళ్లనూ ఒకే గాట కట్టి జాతికి చేటన్నాడు. సామ్రాజ్యానికీ పితృస్వామ్యానికీ ఉన్న చుట్టరికం ఇంతకంటే స్పష్టంగా ఎక్కడ దొరుకుతుంది?

1899 ఫిబ్రవరిలో ఫిలిప్పీన్స్‌లో యుద్ధం మొదలైంది. క్యూబాలో స్పెయిన్ పల్లెజనాన్ని శిబిరాల్లోకి తోలిందని గగ్గోలు పెట్టిన దేశమే, 1901-02లో బతంగాస్‌లో అదే పని చేసింది. ఆకలితో, రోగాలతో వేలమంది పోయారు. మనీలాలో సైనికుల ఆరోగ్యం పేరుతో ఒళ్లమ్ముకు బతికే స్త్రీలకు నిర్బంధ వైద్యపరీక్షలు పెట్టారు. 1868లో బ్రిటిష్ వాళ్లు మన దేశంలో తెచ్చిన అంటువ్యాధుల చట్టానికి ఇది తోబుట్టువు. అమెరికన్ స్త్రీల మద్యనిషేధ సంఘాలు గొడవ చేస్తే 1902లో ఫీజులు, సర్టిఫికెట్లు ఆపించారు.

ఆ ఏడాది మే నెలలో బోస్టన్‌లో ఓటుహక్కు కోరే స్త్రీల సభలో క్లెమెన్సియా లోపెజ్ మాట్లాడింది. ఆమెది బతంగాస్. అన్నదమ్ములను అమెరికా సైన్యం నిర్బంధించింది. జాలి చూపండని ఆమె అడగలేదు. తమ స్త్రీలు అనాగరికులు కారనీ, ఇంటి పెత్తనంలోనూ ఆస్తిలోనూ వారికి చోటుందనీ చెప్పింది. మీరు దేశ జీవితంలో భాగం కోసం పోరాడుతున్నారు, మేము ఆ దేశమంటూ ఉండటం కోసం పోరాడుతున్నాం, రెండూ ఒకటేనన్న అర్థంలో మాట్లాడింది. అమెరికన్ స్త్రీలకు 1920లో ఓటు వచ్చింది. ఫిలిప్పీనా స్త్రీలు దాన్ని 1937లో గెలుచుకున్నారు. తమలో 3 లక్షల మంది అవునంటేనే హక్కు ఇస్తామని షరతు పెడితే, 4 లక్షల 40 వేలకు పైగా అవునన్నారు. సైనిక స్థావరాలూ, వాటి చుట్టూ పెరిగిన ఒలంగపో బార్ల బతుకులూ మాత్రం 1992లో సుబిక్ స్థావరం ఖాళీ అయ్యేదాకా సాగాయి. ఆ స్థావరాలు పోవాలని పోరాడినవాళ్లలో అక్కడి మహిళా సంఘాలున్నాయి. 2014 ఒప్పందంతో అమెరికా సైన్యానికి తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, రేపు ఇంకో దేశం మీద దాడికి స్త్రీల కన్నీళ్లను కారణంగా చూపించి, మన సంఘాలను మద్దతు ప్రకటన అడగవచ్చు. అక్కడి స్త్రీల బాధ అబద్ధమని మనం అననక్కర్లేదు. తాలిబన్లను సమర్థించనూ అక్కర్లేదు. సంతకం పెట్టేముందు అడగవలసినవి మాత్రం అడుగుదాం: అక్కడి స్త్రీల సంఘాలు ఏం కోరుతున్నాయి? వాళ్ల నేల, రేవులు, గనులు చివరికి ఎవరి చేతిలో ఉంటాయి? సైన్యం దిగాక దాని శిబిరాల చుట్టూ ఎవరు ఎలా బతకాల్సి వస్తుంది? హవాయి స్త్రీలు తమ జవాబు కాగితం మీద రాసి సంతకాలు పెట్టి పంపారు. దాన్ని చదివే ఓపిక తోటి స్త్రీలకైనా ఉండాలి.