‘మే పాస్’: ఇంగ్లీషులో ‘కావచ్చు’ అనడం ఎలా?

(స్వర్ణోత్సవ సభలో మన పూర్వ విద్యార్థి, విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

“మాస్టారూ, ఇంగ్లీషు గురించి ఏదైనా చెప్పండి, పది నిమిషాలు దాటొద్దు” అని సంఘం వాళ్లు అడిగారు. 30 ఏళ్లు 45 నిమిషాల పీరియడ్లు చెప్పిన నోరు ఇది. పది నిమిషాల్లో ముగించవచ్చు. ముగించకపోనూ వచ్చు. ఈ రెండు మాటల మీదే నా ప్రసంగం.

ముందు నా కథ. పదో తరగతిలో అర్ధ సంవత్సర పరీక్షలయ్యాక ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చారు. లెక్కల్లో నాకు 27. అడుగున మా క్లాస్ టీచరు, ఆయనే ఇంగ్లీషు మాస్టారు, ఎర్ర సిరాతో ‘మే పాస్’ అని రాశారు. మా నాన్నకు ఇంగ్లీషు రాదు. “ఏం రాశార్రా?” అన్నాడు. నాకు తెలిసిన మే ఒక్కటే, ఏప్రిల్ తర్వాత వచ్చేది. “మే నెలలో పాసవుతానని రాశారు నాన్నా” అన్నాను. ఫలితాలు వచ్చేదీ ఆ నెలలోనే కాబట్టి నాన్నకు అనుమానం రాలేదు. సాయంత్రానికల్లా రచ్చబండ దగ్గర అందరికీ తెలిసిపోయింది.

మర్నాడు కార్డు తిరిగి ఇస్తూ ఈ సంగతి చెబితే మాస్టారు నవ్వారు. “పాసవుతావని నేను రాయలేదురా. పాసైతే అవుతావు అని రాశాను. మిగతాది నీ చేతిలో ఉంది” అన్నారు.

ఆ ‘మే’కి తెలుగులో మంచి జోడీ ఉంది, ‘వచ్చు’. “ఇక నువ్వు ఇంటికి వెళ్లవచ్చు” అంటే అనుమతి. “సాయంత్రం వాన పడవచ్చు” అంటే అవకాశం. ఇంగ్లీషు ‘మే’ కూడా ఈ రెండు పనులూ చేస్తుంది. “యు మే గో” అంటే అనుమతి, “ఇట్ మే రెయిన్” అంటే అవకాశం. ఇంతవరకు రెండు భాషలకూ చుట్టరికమే. చిక్కులు ఆ తర్వాత వస్తాయి. నాలుగు చెబుతాను.

మొదటిది ‘కెన్’. “ఎండాకాలంలో రైలు పట్టాలు వంగిపోవచ్చు” అన్నా, “రేపు వాన పడవచ్చు” అన్నా మనకు ఒకటే ‘వచ్చు’. ఇంగ్లీషులో అలా కాదు. మొదటిది ఎప్పుడైనా జరిగే స్వభావం ఉన్న విషయం, దానికి ‘కెన్’ సరిపోతుంది. రెండోది రేపటి ఒక్క సందర్భం గురించి. అక్కడ ‘మే’, ‘మైట్’, ‘కుడ్’ వాడాలి. “ఇట్ కెన్ రెయిన్ టుమారో” అని మనలో చాలామంది అంటారు. విన్నవాడికి అర్థమవుతుంది గాని, చెవికి తగులుతుంది.

రెండోది ‘కుడ్’, ‘మైట్’. ‘కెన్’ పక్కన ‘కుడ్’, ‘మే’ పక్కన ‘మైట్’, పైన వర్తమానం, భూతం అని రెండు గడులు. ఈ బల్లల మీద కూర్చుని నేర్చుకున్న ఆ పట్టికనే నేనూ బోర్డు మీద 30 ఏళ్లు రాశాను. తప్పు కాదు, సగం మాత్రమే. “చిన్నప్పుడు ఈదగలిగేవాణ్ని” అనడానికి ‘కుడ్’ భూతకాలమే. కానీ “ద బస్ కుడ్ బి లేట్” అన్నప్పుడు ఆ బస్సు నిన్నటిది కాదు, ఇప్పుడు మనం ఎదురుచూస్తున్నదే. ఆలస్యం కావచ్చు అని అర్థం. జరిగిపోయినదాన్ని ఊహించాలంటే ‘హేవ్’ పెట్టి క్రియ మూడో రూపం చేర్చాలి. “హి మే హేవ్ మిస్డ్ ద బస్” అంటే అతనికి బస్సు తప్పిపోయి ఉండవచ్చు. ‘మే’ కన్నా ‘మైట్’ ఒక పిసరు తక్కువ అంటారు గాని, రోజువారీ మాటల్లో ఆ తేడా చాలామంది పాటించరు.

మూడోది ‘మస్ట్’. ‘చేసి తీరాలి’ అని కంఠస్థం చేశాం. ఎవరింటికైనా వెళ్తే ఇంటావిడ “యు మస్ట్ బి హంగ్రీ” అన్నదనుకోండి, ఆకలితో ఉండి తీరాలని ఆజ్ఞాపించినట్టు కాదు. ‘ఆకలి వేస్తూ ఉంటుంది’ అని ఆమె గ్రహించింది. మనమూ “ఈపాటికి రైలు విజయవాడ దాటి ఉండాలి” అంటాం, అది రైలుకు ఇచ్చిన ఆజ్ఞా? ఈ అర్థంలో ‘మస్ట్’కు వ్యతిరేకం ‘మస్ట్ నాట్’ కాదు, ‘కాంట్’. “దట్ కాంట్ బి హిమ్” అంటే వాడు అయ్యుండడు.

నాలుగోది ‘నాట్’. “హి మే బి ఎట్ హోమ్”, “హి కుడ్ బి ఎట్ హోమ్” దాదాపు ఒకటే. వాటికి ‘నాట్’ చేర్చండి, రెండూ విడిపోతాయి. “మే నాట్ బి” అంటే ఇంట్లో ఉండకపోవచ్చు. “కుడ్ నాట్ బి” అంటే ఉండే అవకాశమే లేదు.

ఇదంతా తెలిసినవాణ్ని, నేనే ఒకసారి బోర్లా పడ్డాను. కొన్నేళ్ల కిందట మా ఆవిడకు దగ్గు నెల రోజులైనా తగ్గలేదు. స్కాన్ తీయించాం. డాక్టరుగారు ఊళ్లో లేరు, నాలుగు రోజులు ఆగమన్నారు. ఇంగ్లీషు మాస్టారిని కదా, రిపోర్టు కవరు నేనే విప్పాను. ఊపిరితిత్తిలో మచ్చ ఉందని, అది ‘కుడ్ బి’ పాత ఇన్‌ఫెక్షన్ అని, క్యాన్సర్ ‘కెనాట్ బి రూల్డ్ అవుట్’ అని ఉంది. భయంలో నాకు నా పట్టికే గుర్తొచ్చింది. ‘కుడ్’ భూతకాలం, అంటే ఒకప్పుడు ఇన్‌ఫెక్షన్. ‘కెనాట్’ వర్తమానం, అంటే ఇప్పుడు క్యాన్సర్. అలా చదువుకున్నాను. ఆవిడకు ఏమీ చెప్పలేదు. అమెరికాలో ఉన్న అబ్బాయికి ఫోన్ చేసి ఏడ్చాను. నా ముఖం చూసి ఆవిడే గ్రహించి అన్నం మానేసింది. ఆ నాలుగు రోజులు మా ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు.

డాక్టరుగారు రిపోర్టు చూసి, “మాస్టారూ, ఉందని ఇందులో ఎక్కడ రాశారు? లేదని ఇప్పుడే చెప్పలేం, ఇంకో పరీక్ష చేసి చూడాలి అన్నారు, అంతే” అన్నారు. ఆ పరీక్షలో పాత క్షయ మచ్చ అని తేలింది. తిరిగొస్తుంటే బస్సులో మా ఆవిడ, “అంటే ‘ఏమో, చూడాలి’ అని రాశారన్నమాట. ఆ ముక్క మొదటి రోజే చెప్పకపోయారా?” అంది.

మాకు మంచి జరిగింది. అదే మాట రాసిన మరొకరికి జరగకపోవచ్చు. ‘కావచ్చు’ను ‘అయింది’గా చదివితే నాలుగు రోజుల అన్నం పోతుంది. ‘కాదు’గా చదివినా ప్రమాదమే. మందుల మీద “మే కాజ్ డ్రౌజినెస్” అని ఉంటుంది. “మే అన్నాడుగా, రాదులే” అని మాత్ర మింగి స్కూటరెక్కేవాళ్లు మనలో ఉన్నారు. నిద్రమత్తు వచ్చే వీలుంది కాబట్టే ఆ మాట అక్కడ ముద్రించారు.

అందుకే ఇంట్లో పెద్దవాళ్లకు ఇంగ్లీషు కాగితం చదివి చెప్పే పిల్లలకు నా సలహా ఒకటే. ‘మస్ట్ బి’ కనిపిస్తే ‘అయ్యే ఉంటుంది’ అనండి. ‘కాంట్ బి’ కనిపిస్తే ‘అయ్యుండదు’ అనండి. మధ్యలో ‘మే’, ‘మైట్’, ‘కుడ్’ కనిపిస్తే వాక్యం చివర మా ఆవిడ చెప్పిన ‘ఏమో’ తగిలించండి. ఆ ‘ఏమో’ను మింగేయకండి. అలాగే వాట్సాప్‌లో ‘మేబీ’ని కలిపి రాస్తే ‘బహుశా’, విడదీస్తే క్రియ. మన బ్యాచ్ గ్రూపులో రోజూ దిద్దుతున్నాను, ఎవరూ వినడం లేదు.

ఆ ఏడాది మే నెలలో నాకు లెక్కల్లో 38 వచ్చాయి. నాన్న మాస్టారింటికి అరటి గెల పంపాడు. ఆయన ఇవాళ ఈ వేదిక మీద లేరు. ఆ 27 చూసి ఆయన ‘కెనాట్ పాస్’ అని రాసి ఉంటే తప్పు పట్టేవాళ్లు లేరు. నేనూ ఆ మాటే నమ్మి నాన్నతో పొలానికి వెళ్లిపోయి ఉండేవాణ్ని. ఇక్కడ ఇప్పుడు పాఠాలు చెబుతున్న టీచర్లను అడిగేది ఒక్కటే. ప్రోగ్రెస్ కార్డు మీద ‘కెనాట్’ అని రాయబోయేటప్పుడు, ఆ సంగతి మనకు నిజంగా తెలుసా అని ఒక్క క్షణం ఆగండి. తెలియకపోతే ‘మే’ అనే రాయండి.

పది నిమిషాలు దాటినట్టున్నాను. దాటే ఉంటాను.