అరకు కొండల్లో తల్లి దారి, తండ్రి దారి

అరకు వైపు గదబ తెగవారున్నారు కదా. వాళ్లలో కొందరిది గుటోబు. అది ముండా భాష, తెలుగుకు చుట్టం కాదు. దాని దూరపు చుట్టాలు కంబోడియా, వియత్నాంలలో ఉన్నాయి. ఇంకొందరు గదబలది ఒల్లారి. అది తెలుగులాగే ద్రావిడ భాష. తెగ పేరు ఒకటే, భాషలు రెండు!

మరి ముండా భాషలవారు ఎక్కడి నుంచి వచ్చారు? ఆధారం రక్తపు చుక్కలో దొరికింది. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్లేది వై క్రోమోజోమ్. తల్లి నుంచి పిల్లలకు వచ్చేది మైటోకాండ్రియా డీఎన్ఏ. 2011లో వెలువడిన ఒక పరిశోధన ఈ రెండింటినీ చూసింది. అందులో మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలూ ఉన్నారు. ముండా మగవారిలో తండ్రి దారి ఎక్కువగా ఆగ్నేయాసియా వైపు చూపింది. తల్లి దారి మాత్రం ఇక్కడిదే. మళ్లీ చెబుతున్నాను, తండ్రి దారి తూర్పుది, తల్లి దారి ఇక్కడిది. అంటే వలస వచ్చినవారిలో మగవాళ్లే ఎక్కువై ఉండాలి.

పాత ఎముకల్ని పరీక్షించొచ్చుగా అంటారా? మన ఎండకీ తేమకీ ఎముకలోని డీఎన్ఏ చితికిపోతుంది. హర్యానాలోని రాఖీగఢీలో ఎన్నో అస్థిపంజరాలు వెతికినా, 2019లో ప్రకటించగలిగింది ఒకే ఒక్క స్త్రీ డీఎన్ఏ. ఇక వానలు దంచే మన్యం సంగతి చెప్పాలా! అందుకే ఇక్కడ బతికున్నవారి నమూనాలే దిక్కు. అవి ఇచ్చిన గూడేలకు ఫలితమేమిటో వాళ్ల భాషలోనే చెప్పాలని నేనంటాను.